ఉప్పుకోట రౌతు: పదిహేడో సంచిక

పోయిన వారం స్వరూపని సిద్దిరాములు బైండింగు షాపులో, చెక్కబల్ల ముందు, నోట మాట రాకుండా నిలబెట్టి మన పనులకి మనం వెళ్ళిపోయాం. వారం రోజులుగా పాపం అలాగే నిలబడి ఉంది. ముందు ఆమెని కూర్చోబెడదాం.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మేడ్చల్‌లో ప్రతి నెలా రెండో ఆదివారం, పాత బొమ్మల కథల పుస్తకాలు పోగేసేవాళ్ళ సంఘం ఒకటి కూడుతుంది. సంఘం అంటే ముగ్గురే. రిటైరైన తెలుగు మాస్టారు యజ్ఞనారాయణ కౌకూర్ నుంచి రెండు బస్సులు మారి వస్తారు. షాపు సిద్దిరాములుది, కుర్చీలూ అతనివే. మూడో మనిషి స్వరూప. ప్లాట్లమ్మే సుధాకర్ భార్య, డిగ్రీ దాకా చదివిన ఇల్లాలు. ఆ ఒక్క ఆదివారం తప్ప నెలంతా బుద్ధిమంతురాలు.

ముగ్గురి ప్రాణమూ 'ఉప్పుకోట రౌతు'లో ఉంది. ముప్పై ఐదేళ్ళ కిందట ఇరవై నాలుగు సంచికలుగా వచ్చిన గుర్రపు వీరుడి కథ. ఇరవై మూడు దొరికాయి. పదిహేడోది మాత్రం దొరకలేదు. పదహారో సంచిక చివర రౌతు కోటగోడకి తాడు పట్టుకుని వేలాడుతుంటాడు, పైన శత్రువు తాడు కోస్తుంటాడు. పద్దెనిమిదో సంచిక తెరిస్తే పడవలో తీరిగ్గా కూర్చుని ఉంటాడు, కుడి కంటికి గుడ్డ కట్టుకుని. మధ్యలో ఏం జరిగింది? కన్ను ఏమైంది?

మూడేళ్ళ కిందట, మొదటిసారి ఆ షాపు మెట్లెక్కిన రోజున, స్వరూప ఈ రెండు ప్రశ్నలకీ జవాబు చెప్పింది. చిన్నప్పుడు సూరారంలో మేనమామ ఇంట్లో ఆ సంచిక చదివానంది. రేవులో బట్టలుతికే ముసలామె తడిచీరలు ముడేసి రౌతుని దింపిందనీ, దింపుతుండగా డేగ వచ్చి కన్ను పొడిచిందనీ గంటసేపు చెప్పింది. మాస్టారు ఆ కథంతా ఒక నోటు పుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకున్నారు. సిద్దిరాములు మూడో కుర్చీ వేశాడు.

నిజానికి పదిహేడో సంచికని స్వరూప కలలో కూడా చూడలేదు.

ఇప్పుడు ఆ సంచిక వచ్చి బల్ల మీద కూర్చుంది. తెచ్చింది శామీర్‌పేట చెరువు దగ్గర చేపలమ్మే బాలనర్సమ్మ. పాత బొమ్మల పుస్తకాలు కావాలని సిద్దిరాములు షాపు ముందు పెట్టిన బోర్డుని ఎవరితోనో చదివించుకుని, చేపల గంప నెత్తిన పెట్టుకునే లోపలికొచ్చేసింది.

"కూసో బిడ్డా, ఎంతసేపు నిలవడ్తవు?" అంది బాలనర్సమ్మ. ఇదిగో, స్వరూప కూర్చుంది. "ఎవరింటి కోడలివి నువ్వు?"

"సుధాకర్ గారి భార్యను. పెద్దబావి వీధి."

"ఇందిరమ్మ కోడలివా?"

"అవును."

"ఆఁ," అంది బాలనర్సమ్మ. ఆ 'ఆఁ' తర్వాత నోట్లో వక్కపలుకు వేసుకుంది.

పుస్తకాన్ని గుడ్డలో చుట్టి, గుడ్డని ప్లాస్టిక్ కవరులో చుట్టి తెచ్చింది. అయినా ముప్పై ఐదేళ్ళ చెరువు వాసన ఒక్కసారిగా షాపంతా నిండింది. సిద్దిరాములు లేచి ఊదుబత్తి వెలిగించాడు. మాస్టారు మాత్రం కళ్ళు మూసుకుని ఆ వాసన ఇంకొంచెం పీల్చారు.

దొరికిన పుస్తకాన్ని గబుక్కున తెరవడం ఈ సంఘంలో మహాపాపం. మొదట చేతులు కడుక్కోవాలి. తర్వాత పిన్నులు చూడాలి. తుప్పు పట్టిన పిన్ను ఉంటే అసలుది, మెరిసే పిన్ను ఉంటే ఎవరో మధ్యలో చెయ్యి పెట్టినట్టు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని, బొటనవేలితో అంచు తడుముతూ ఆకులు లెక్కపెట్టాలి. ఇదంతా మాస్టారి పని. అంచులు కత్తిరించి అందంగా బైండు చేసే పని పక్క ఊళ్ళ బైండర్లది. అలాంటివాళ్ళ పేరెత్తితే సిద్దిరాములు ఉమ్మేస్తాడు.

"తుప్పు," అన్నారు మాస్టారు తృప్తిగా. తర్వాత, "పదహారు ఆకులు. లెక్క సరి. ఆఖరి ఆకు వెనక వైపు ఆ కంపెనీ వాళ్ళు ఏమీ అచ్చు వేసేవాళ్ళు కాదు, తెలుసా బాలనర్సమ్మా? పిల్లలు బొమ్మలు వేసుకోవాలని తెల్లగా వదిలేసేవాళ్ళు. ఎంత మంచివాళ్ళో!"

"మంచోళ్ళే గని సారు, నా షరతు యాదిమరవకుండ్రి," అంది బాలనర్సమ్మ. "బుక్కు మీకే ఇస్త. నా ముంగట మొదటిసంది ఆఖరిదాంక సదవాలె. నాకు సదువు రాదు. అప్పుడు ఇన్నది యాదికున్నదో పోయిందో చూసుకుంట."

"మా సంఘంలో చదివే గొంతు స్వరూపమ్మదే," అన్నారు మాస్టారు. అనడమే కాదు, చేతిసంచిలోంచి ఆ నోటు పుస్తకం తీసి పక్కన పెట్టుకున్నారు. దాని అట్ట మీద 'పదిహేడో సంచిక: శ్రీమతి స్వరూప చెప్పగా విన్నది' అని ఉంది. "నువ్వు చదువు, తల్లీ. నేను ఇందులో వేలు పెట్టుకుని పోల్చుకుంటూ వస్తాను. నీ జ్ఞాపకశక్తి ఎంత గొప్పదో ఇవాళ తేలిపోతుంది."

తేలిపోతుందన్న సంగతి స్వరూపకీ తెలుసు. దొంగే స్వయంగా పంచనామా చదవాల్సి వస్తే గొంతు ఎలా ఉంటుందో, అలాంటి గొంతుతో మొదలుపెట్టింది.

అయితే రెండో పేజీకే భయం కొంచెం వెనక్కి తగ్గింది, ఎందుకంటే బొమ్మలు అంత బాగున్నాయి. రౌతు తలపాగా ఎరుపు ఎప్పటిలాగే గీత దాటి ఆకాశంలోకి పాకింది. గుర్రం ఎప్పటిలాగే రౌతు కన్నా తెలివైన ముఖం పెట్టింది. మూడేళ్ళుగా వెతికిన పేజీ వేళ్ళ కింద గరుగ్గా తగులుతుంటే, తన కుర్చీ పోబోతోందన్న సంగతి స్వరూప ఒక నిమిషం నిజంగా మరిచిపోయింది.

తాడు తెగింది. రౌతు పడ్డాడు. పడింది కోట కింద పోసిన ఉప్పురాశిలో. ఉప్పు వర్తకులు చూసుకోకుండా అతన్ని కూడా గోనెసంచిలో ఎత్తి, పడవలో వేసుకున్నారు.

మాస్టారి వేలు నోటు పుస్తకంలో మొదటి పంక్తి మీదే ఉంది. కదలడం లేదు.

"చెల్లె," అన్నాడు సిద్దిరాములు, "చీరెలెప్పుడొస్తయి?"

"చూద్దాం అన్నా," అంది స్వరూప, పేజీ తిప్పుతూ.

పడవలో గోనెసంచి తుమ్మింది. వర్తకులు భయపడ్డారు. మాస్టారు నోటు పుస్తకంలో ఒక పేజీ ముందుకి తిప్పారు, అక్కడైనా ఉప్పు ఉంటుందేమోనని. తర్వాత రెండు పేజీలు వెనక్కి తిప్పారు.

"ముసలామె ఇంకా రాలేదే," అన్నారు మెల్లగా.

"గీ కతల ముసల్ది లేదు సారు," అంది బాలనర్సమ్మ. "నాకు మంచిగ యాదికున్నది. ఉప్పుసంచి తుమ్ముతదిగద, గప్పుడు మేం నవ్వి నవ్వి చెరువుల పడ్డంత పని."

పద్నాలుగో పేజీ దగ్గర స్వరూప పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది.

"చీరలు రావు అన్నా. డేగ కూడా రాదు." ఆమె మాస్టారి వైపు తిరిగింది. "నేను ఈ పుస్తకం చదవలేదు సార్. మా మేనమామ ఇంట్లో పంచాంగం తప్ప ఇంకో పుస్తకం లేదు. ఆ రోజు మీరిద్దరూ కన్ను గురించి కొట్టుకుంటుంటే మెట్ల మీద నిలబడి విన్నాను. లోపలికి రావాలనిపించింది. ఒట్టి చేతులతో వస్తే రానిస్తారో లేదోనని, కథ ఒకటి అల్లుకుని వచ్చాను."

షాపులో ఊదుబత్తి బూడిద రాలింది. ఆ తర్వాత సిద్దిరాములు నవ్వాడు. నవ్వకూడదని చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వాడు.

"అంతా సొంతంగనేనా? ముసలామె మనవడు గుడ్డిగుర్రాన్ని తోలుకొచ్చుడు సుత?"

"అది కూడా."

"నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయి గద చెల్లె, గా మనవని కాడ!"

మాస్టారు నవ్వలేదు. నోటు పుస్తకం మూసి, అట్ట మీద తన అక్షరాలని ఒకసారి వేలితో తుడిచారు.

"మూడేళ్ళు, తల్లీ," అన్నారు. "మూడేళ్ళుగా ఆ కన్ను డేగ పొడిచిందనే నమ్మి బతికాను. సుచిత్ర చౌరస్తాలో నాలాంటి పిచ్చివాడు ఇంకొకడున్నాడు. వాడితో వాదించి, మాటలు మానేశాను కూడా." ఆయన నోటు పుస్తకాన్ని స్వరూప ముందుకి జరిపారు. "ఇది నీది. నా దగ్గర ఉండకూడదు. అసలుది కానిదాన్ని అసలుదని చెప్పినవాళ్ళు ఏడాది పాటు ఈ గడప తొక్కకూడదని మన నియమం. ఆ నియమం రాసిందీ నేనే, ఆ రోజు బాగుందని మెచ్చుకుందీ నువ్వే."

 స్వరూప ఇంట్లో ఎనిమిది మందికి వండి పెడుతుంది, ప్లాట్ల కాగితాలకి భర్త తరఫున ఇంగ్లీషులో ఉత్తరాలు రాసి పెడుతుంది, ఎవరైనా ఏదైనా అడిగితే 'ఉన్నది, ఇస్తున్న' అంటుంది. 'నువ్వేమంటావు, స్వరూపమ్మా?' అని ఆమెని అడిగే చోటు భూమ్మీద ఇదొక్కటే. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క పెట్టుకోవాలి. అయినా అది ఆమె కుర్చీ.

"మొత్తం సదవుమన్న గద," అంది బాలనర్సమ్మ. "నడిమిట్ల ఆపుడేంది? మీ పంచాయితీ ఎనుకకు ఉంచుండ్రి."

స్వరూప మళ్ళీ అందుకుంది. పడవ సాగింది. రౌతు సంచిలోంచి బయటపడ్డాడు, రెండు కళ్ళతోనే. ఇరవయ్యో పేజీ, ఇరవై ఐదో పేజీ, ఇంకా రెండు కళ్ళే. ముప్పయ్యో పేజీలో పడవలోకి ముసుగు వేసుకున్న పిల్ల ఒకతె దూకింది. మాస్టారికి ఎంత కోపం ఉన్నా కుర్చీ దగ్గరికి జరుపుకోక తప్పలేదు. స్వరూప ఆఖరి ఆకు తిప్పింది.

తిప్పి ఆగిపోయింది.

అది అచ్చుపుస్తకం ఆకు కాదు. బడి నోటు పుస్తకంలోంచి చింపిన రూళ్ళ కాగితం. మైదా జిగురుతో అతికించి, అచ్చం మిగతా ఆకులంత కొలతకే కత్తిరించారు. అందుకే మాస్టారి బొటనవేలికి దొరకలేదు. దాని మీద నీలం సిరాతో ఎవరో చేత్తో గీసిన బొమ్మలున్నాయి. ముసుగు పిల్ల పిడికెడు కారప్పొడి రౌతు ముఖాన కొట్టింది. కుడి కంట్లో పడింది. 'అమ్మో, మంట' అన్నాడు రౌతు. 'పొరుగూరి పడవల ఊకె ఎక్కితె గింతే' అంది పిల్ల. సమాప్తం.

"ఇదెవరు గీశారు?" మాస్టారు ఆకు మీదికి వంగారు.

బాలనర్సమ్మ కాళ్ళు చాపుకుని, గంపకి ఆనుకుంది.

"మేం నలుగురం ఆడివిల్లలం సారు. గీ బుక్కు నలుగురిదీ. ఒక్కొక్కరింట్ల నాలుగొద్దులు. పెద్దోళ్ళకు దొరికితే ఈపులు పలుగుతయని, నా చేపల గంపల అడుగున పెట్టి ఇంటింటికి చేరేసేది. చేపల గంపల ఎవలు చెయ్యి పెడ్తరు? పేర్లు సుత రాయలే. గుర్తులే. చేప నేను. ఇంకొకామె కుండ, ఇంకొకామె చందమామ. పిల్లి గుర్తామె పటేలు బిడ్డ. ఆమెనే కట్ట మీద కూసొని నాకు సదివి ఇనిపిచ్చేది. మా నలుగురికి ఒకటే కాయిదా ఉండె: ఆకు పోగొట్టినోళ్ళే రాసియ్యాలె. ఆఖరి ఆకు పిల్లి ఇంట్ల పోయింది. ఎనక దినం ఇది గీసి, అతికిచ్చి తెచ్చింది. నెల తిరగకముందే ఆమె పెండ్లి చేసిండ్రు."

"అంటే అసలు ముగింపు..."

"నేనైతే ఇనలే. పిల్లి ఒక్కతే సదివింది."

"ఆమె పేరేమిటి? ఎక్కడుంది?"

"పేరు చెప్పద్దని ఒట్టేసుకున్నం," అంది బాలనర్సమ్మ, స్వరూపని తప్ప అందరినీ చూస్తూ. తర్వాత మాస్టారి వైపు వేలు చూపించింది. "గని సారు, మా కాయిదల చూస్తే గీ బిడ్డది తప్పేంది? మేం పోగొట్టి రాసిచ్చినం. గీమె పోగొట్టకుంటనే రాసిచ్చె. ఇంకింత మంచిదాయె!"

సిద్దిరాములు రెండోసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని అన్నారు:

"వచ్చే రెండో ఆదివారం దాకా తీర్పు ఆపుతాను. అసలు ఆకు దొరికితే... అప్పుడు మాట్లాడుకుందాం."

బాలనర్సమ్మ పుస్తకాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి, చాచిన మాస్టారి చేతులు దాటించి, స్వరూప ఒళ్ళో పెట్టింది. "గీ నెల ఈమె ఇంట్ల ఉండనియ్యుండ్రి. అటెనుక మీదే."

స్వరూప గుడ్డ మడత విప్పి, ఆ ఆకు మళ్ళీ తెరిచింది. అడుగున కుడి మూలలో, బొటనవేలంత పిల్లి బొమ్మ ఉంది. తోక పైకి లేచి, కొస లోపలికి తిరిగింది. పిల్లికి ఒకటే చెవి.

ఆ పిల్లిని స్వరూప రోజూ చూస్తుంది. పన్నెండేళ్ళుగా అన్నం వడ్డించే ప్రతి పూటా చూస్తుంది.

*

ఇందిరమ్మ వెనక వరండాలో తొక్కుల జాడీలకి మూతిగుడ్డలు కడుతోంది. మే నెల ఎండకి వరండా గచ్చు ఇంకా వేడిగానే ఉంది. మామిడి తొక్కు ఆరు జాడీలు. ప్రతి జాడీకి ఒక కాగితం అతికించి, దాని మీద ఒంటిచెవి పిల్లి బొమ్మ వేసింది. పేరు రాస్తే సరిపోదా అని కొత్తలో స్వరూప అడిగితే, "ఎలుకలు సదువుకున్నయా?" అంది.

ఆ జాడీల గురించే ఇంట్లో నెల రోజులుగా గొడవ. అత్తగారు కాపురానికి వస్తూ శామీర్‌పేట నుంచి తెచ్చుకున్న టేకు అలమరలో కింది అర స్వరూప పుస్తకాలది. జాడీలకి జాగా కావాలి, బుధవారం లోపల ఆ బొమ్మల బుక్కులు తియ్యకపోతే తూకానికి వేస్తానని ఇందిరమ్మ తేల్చి చెప్పింది. తియ్యమంటే తియ్యడమే. అర అడుగున పరిచిన కాగితం మాత్రం కదిలించకూడదు, దాని కింద చెదల మందు ఉందంది. పన్నెండేళ్ళుగా అదే మాట. అంతకాలం పనిచేసే చెదల మందు ఏ షాపులో దొరుకుతుందో స్వరూప ఎప్పుడూ అడగలేదు.

"అయిందా మీ సభ?" అంది ఇందిరమ్మ తలెత్తకుండా. "గంటలు గంటలు గా బొమ్మలల్ల ఏముంటదో!"

 స్వరూప గుడ్డ విప్పి, పుస్తకాన్ని ఆఖరి ఆకు దగ్గర తెరిచి, అయిదో జాడీ పక్కన పెట్టింది. ఈ పిల్లి పక్కన ఆ పిల్లి.

ఇందిరమ్మ చేతులు ఆగాయి. ముందు వాసన తగిలినట్టుంది, ముక్కుపుటాలు కదిలాయి. తర్వాత కొంగుకి చేతులు తుడుచుకుంది, ఒకసారి, రెండుసార్లు, వేలు వేలుకీ. అచ్చం మాస్టారిలాగే. అప్పుడు పుస్తకం అందుకుంది.

"గుర్రానికి అయిదు కాళ్ళు గీసిన," అంది. "చీకట్ల గీసిన మరి. నర్సి మంచిగున్నదా?"

"మంచిగున్నది అత్తమ్మా. మీ పేరు చెప్పలేదు."

"చెప్పదు. దానికి సదువు రాదు గని, ఒట్టు అంటే ఏందో వస్తది."

స్వరూప పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. జరిగిందంతా చెప్పింది. తను అల్లిన అబద్ధం, డేగ, మాస్టారి నోటు పుస్తకం, పోబోతున్న కుర్చీ. భర్తకి కూడా చెప్పని సంగతులు. ఇందిరమ్మ మధ్యలో ఒక్కసారే మాట్లాడింది.

"డేగనా? కారప్పొడి నయం."

"అవును," ఒప్పుకుంది స్వరూప. "అసలు ఏమైంది అత్తమ్మా, ఆ కన్నుకి? ఆ ఆకు మీ దగ్గరే పోయిందంట కదా?"

"పోలే." ఇందిరమ్మ పుస్తకం మూసింది. "నేనే చింపిన. పోయిందని నర్సికి అబద్ధం చెప్పిన. నీకొక్కదానికే అచ్చినయా అబద్ధాలు?"

 వీధిలో ఎవరో నీళ్ళ ట్యాంకరు వచ్చిందని కేకేశారు. ఇద్దరూ లేవలేదు.

"చింపి ఏం చేశారు?"

"జాడీలకు జాగ లేకనే బుక్కులు తియ్యమన్న అనుకున్నవా?" అంది ఇందిరమ్మ. "ఈ ఇంట్ల జాగకు కరువా? మూడేండ్లసంది నువ్వు దాని మీద బుక్కులు పేర్చి కూసున్నవు. తీసి చూసుకుందమంటే జాగ లేకపాయె నాకు."

స్వరూప లేచి లోపలికి నడిచింది. వెనకే అత్తగారు, చేతిలో పుస్తకంతో. అలమర తలుపు తీసి, ఇరవై మూడు సంచికలనీ ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది. అడుగున పసుపు పచ్చబడ్డ పాత పేపరు. దాని అంచు పట్టుకుంది.

"ఆగు," అంది ఇందిరమ్మ. ఆ గొంతు పన్నెండేళ్ళలో ఎప్పుడూ వినలేదు స్వరూప. అది అత్తగారి గొంతు కాదు, చెరువుకట్ట మీద కూర్చుని ఎవరైనా వస్తున్నారేమోనని చూసుకునే పదిహేడేళ్ళ పిల్ల గొంతు. "బొమ్మ నీది. తీస్కపోయి మీ సారుకు చూపియ్యి, కుర్చీ కాపాడుకో. గని ఎనకదిక్కు నేనొకటి రాసిన. గది చదవద్దు. ఒట్టెయ్యి."

"ఒట్టు," అంది స్వరూప. పేపరు ఎత్తింది.

చెదల మందు లేదు. ఒకే ఒక ఆకు ఉంది, నలగకుండా, నిన్ననే పెట్టినట్టు. అయితే ముప్పై ఐదేళ్ళ కిందట తొందర్లో దాచిన పిల్ల దాన్ని బోర్లా పెట్టింది. బొమ్మ చెక్కకేసి ఉంది. పైకి కనిపిస్తున్నది తెల్లగా వదిలేసిన వెనక వైపు, దాని నిండా నీలం సిరా.

స్వరూప కళ్ళు మూసుకుంది. కాకపోతే, డిగ్రీ దాకా చదివిన కళ్ళు కదా, మొదటి పంక్తి అయిపోయాక మూతపడ్డాయి.